చెరువునకు హద్దురాయి యెక్కడ?

మన పెద్దలు చెప్పిన సప్తసంతానములలో తటాకమొకటి. కన్నకొడుకు పేరు మూడు తరములకు మాసిపోవును. త్రవ్వించిన చెరువు పేరు మూడు వందలేండ్లకును నిలుచును. అందుచేతనే రాజు మొదలు ఊరి షావుకారు వరకు కలిమి గలవారెల్లరు చెరువు త్రవ్వించి తరింపగోరిరి. నేడు మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతములలో తరించు త్రోవ మారినది. త్రవ్వించినవానికి పుణ్యము, పూడ్పించినవానికి లాభము. పుణ్యము పరలోకమున దక్కునో లేదో మేమెరుగము. లాభము మాత్రము ఈ లోకముననే, రిజిస్ట్రేషను కచేరీలోనే, చేతికి వచ్చుచున్నది.

ఈ ప్రాంత ప్రజలు మంచినీరు కావలెనని చిరకాలముగా అడుగుచున్నారు. అర్జీలు వ్రాసిరి, ధర్నాలు చేసిరి, న్యాయస్థానముల మెట్లెక్కిరి. వారి కోరిక న్యాయమైనది. దానికి మేమొక్క మాట చేర్చుచున్నాము. నీటిని మాత్రమే అడిగినచో నీరు రాదు. నీరు నిలుచు నేలను అడుగవలెను. తీరమును విడిచి జలమును రక్షింతుమనుట కుండను పగులగొట్టి పాలను కాపాడుదుమనుట వంటిది.

సముద్రము మనకు దూరము. జీవనది మన ఊరి ప్రక్కను పారదు. కాలి క్రింద నున్నది నల్లరాయి. ఏడాదికి ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వాన కురియును. అదియు నాలుగు నెలలలో, కొన్ని దినముల కుంభవృష్టిగా కురిసిపోవును. ఆ నీటిని ఆపకున్నచో జారిపోవును. ఆపినచో ఏడాదియెల్ల అక్కరకు వచ్చును. ఈ రహస్యము తెలిసిన మన పూర్వులు వాలు వెంబడి కట్ట మీద కట్ట కట్టి, ఒక చెరువు మత్తడి దుంకిన నీరు క్రింది చెరువును చేరునట్లు గొలుసుకట్టుగా నిర్మించిరి. రాతిపొరల పగుళ్లలోనికి ఆ నీరే ఇంకి బావులకు ఊటయైనది. కావున చెరువు కేవలము ఆయకట్టు పొలముల సొత్తు కాదు. అది ఊరి బావులకు తల్లి, పశువులకు తొట్టి, చాకలికి రేవు, బెస్తకు వల, ఆడుబిడ్డలకు బతుకమ్మను సాగనంపు గట్టు. సముద్రతీరపు వారికి ఇసుకతిన్నె యెట్టిదో, మనకు చెరువుగట్టు అట్టిది.

ఇక శిఖము మాట. చెరువు నిండినప్పుడు మునిగి, వేసవిలో తేలు నేలకు శిఖమని పేరు. కొన్ని చోట్ల ఆ నేలకు పట్టాలును కలవు. నీరు తగ్గినప్పుడు రైతు దానిని దున్నుకొనును. నీరు తిరిగివచ్చినప్పుడు నోరెత్తక వెనుకకు జరుగును. నేల రైతుది, కాని మొదటి హక్కు నీటిది. తరతరములు ఈ మర్యాద చెల్లినది. ఏ చెరువు ఎంతవరకు నిండునో నీరటికి కంఠోపాఠము. అతనికి పటము లేదు, కొలతయంత్రము లేదు. అయినను అతడు చూపిన చోటు దాటి ఎవరును గోడ కట్టలేదు. నేడు ఉపగ్రహములు చెరువుల ఛాయాచిత్రములు తీయుచున్నవి, అంగుళము తప్పక కొలుచు యంత్రములు వచ్చినవి. హద్దు మాత్రము ఎవరికిని తెలియదట!

హద్దు ఎట్లు మాయమగునో ఈ ప్రాంతీయులకు మేము చెప్పనక్కరలేదు. మొదట రాత్రివేళ లారీలు వచ్చి, ఎక్కడనో కూల్చిన యింటి మట్టియు రాళ్లును శిఖమున క్రుమ్మరించును. ఉదయము అడిగినచో ఎవరిదో తెలియదు. ఎండకాలము గడచునప్పటికి ఆ గుట్టలు చదునగును. అటుపిమ్మట కడీలు పాతుదురు, తీగ చుట్టుదురు. పిదప సర్వే నంబరునకు ఉపసంఖ్య యొకటి పుట్టును. ఉపసంఖ్యకు దస్తావేజు, దస్తావేజునకు బ్యాంకు అప్పు, అప్పునకు మేడ పుట్టును. మేడకు పెట్టు పేరులో సరస్సు అను మాట తప్పక యుండును! చెరువును చంపి దాని పేరును తలుపునకు తగిలించుకొనుట నేటి నాగరికత. ఇంతలో పై చెరువునుండి వచ్చు కాలువ రోడ్డు క్రింద అణగిపోవును. దాని స్థానమున ఇండ్ల మురుగు చెరువులోనికి దారి చేసికొనును. మంచినీరు వచ్చు త్రోవ మూసికొనిపోయి, మురుగు వచ్చు త్రోవ తెరచికొనుటయే ఈ నగర విస్తరణ సారాంశము.

ఈ మార్పు ఎంత వేగముగ వచ్చినదో ఒకసారి తలచికొందము. నగరము చుట్టు 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ పల్లెల మీదుగనే పోయినది. ప్రపంచమునకు టీకామందులు పంపు జీనోమ్ వ్యాలీ షామీర్‌పేట, తుర్కపల్లి ప్రక్కలనే వెలసినది. 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము నేడు షామీర్‌పేటలోనే కలదు. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాయే క్రొత్తగా ఏర్పడినది. వీనిలో దేనిని మేము ద్వేషింపము. విద్య రావలెను, పరిశ్రమ రావలెను, పిల్లలకు కొలువులు రావలెను. కాని రహదారి కొలత మీటరు తప్పక తెలిసిన దొరతనమునకు చెరువు కొలత తెలియకపోవుట యెట్లు? న్యాయశాస్త్రము బోధించు ఊరిలోనే చెరువునకు న్యాయము దొరకకపోవుట యెట్లు?

ఇక జవహర్‌నగరు కథ వినుడు. నాటి షామీర్‌పేట మండలములోని ఈ చోటునకు 2000 తరువాతి తొలి యేండ్లనుండి మహానగరపు చెత్త తరలివచ్చుచున్నది. దినమునకు ఒకటి కాదు, రెండు కాదు, వేల టన్నులు! అక్కడ కొండలకు తోడుగా చెత్తకొండ లేచినది. వాన పడినప్పుడు ఆ కొండనుండి నల్లని కుళ్లునీరు ఊరి వాలు వెంబడి దిగినది. దిగి ఎక్కడికి పోవును? మల్కారం చెరువునకు పోయినది. ఒకనాడు పశువులు త్రాగిన నీటిలో నేడు మనిషి కాలు పెట్టుటకు జంకుచున్నాడు. చుట్టుపట్ల బోరుబావుల నీటిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు కలుషితమైనదని వ్రాసిరి. చీర్యాల, దమ్మాయిగూడ మొదలగు ఊళ్లవారు దుర్వాసనతో నిద్రలేచి దుర్వాసనతో నిద్రించిరి. వారి మొర జాతీయ హరిత న్యాయస్థానము దాక పోయినది. పిదప సుమారు 1.2 కోట్ల టన్నుల పాత చెత్తపై మట్టితోను పొరలతోను మూత వేసిరి. చెత్తనుండి విద్యుత్తు తీయు కర్మాగారము 2020లో మొదలైనది. మంచిదే. కాని మూత వేసినంతమాత్రమున అడుగున ఇంకినది వెనుకకు రాదు. పుండును కప్పుట వేరు, మాన్పుట వేరు.

నగరవాసి ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. అతని యింట ఉదయము ఊడ్చి వెలుపల పెట్టిన చెత్త మాయము కాలేదు. మరియొకని బావిలోనికి పోయినది. 2016 నాటి ఘనవ్యర్థ నియమములు తడిచెత్తను పొడిచెత్తను ఇంటివద్దనే వేరుచేయుమని స్పష్టముగా చెప్పినవి. ఆ చిన్న పని చేయుటకు బద్ధకించిన నగరము, దాని ఫలితమును పల్లె గొంతులో పోసినది. పట్టణము ఇల్లు, పల్లె పెంట అను ఏర్పాటు స్వరాజ్యమా? పరాయి దొరతనము మన పల్లెలను పన్నులకు మాత్రమే తలచెనని మన నాయకులు నాడు గర్జించిరి. నేడు మన దొరతనమే మన పల్లెలను చెత్తకు మాత్రమే తలచినచో ఆ గర్జన ఏమైనట్లు?

ఇంతకంటె వింత మరియొకటి. 2015 చివరినుండి గోదావరి జలములు ఎల్లంపల్లినుండి 180 కిలోమీటర్లకు పైబడిన గొట్టముల గుండ, కొండలెక్కి, ఘనపురము మీదుగా నగరమునకు వచ్చుచున్నవి. 2025 సెప్టెంబరు 8న రెండవ, మూడవ దశలకు శంకుస్థాపన జరిగినది. అంచనా 7,360 కోట్ల రూపాయలు. మల్లన్నసాగరునుండి 20 టీఎంసీల నీరు తేవలెనని సంకల్పము. గోదావరిని మేము కాదనము. దప్పికగొన్న నగరమునకు నీరు కావలసినదే. కాని ఏడాదికొకసారి ఆకాశమే తెచ్చి ముంగిట పోయుచున్న నీటిని మురుగులో కలిపివేసి, దూరదేశపు నీటికై వేల కోట్లు పోయువానిని ఏమందుము? ఇంటి పాడియావును కసాయికి అమ్మి పాలకు పొరుగూరు పోవువాడని అందుము. ఆ గొట్టములను నడుపుటకు విద్యుత్తు కావలెను, విద్యుత్తుకు ధనము కావలెను. చెరువు నడుచుటకు వాలు చాలును.

చట్టములు లేవా? కొల్లలుగా కలవు. 1974లో జలకాలుష్య నివారణ చట్టము వచ్చినది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకై వాల్టా చట్టము వచ్చినది. 2012 నాటి 168వ ప్రభుత్వోత్తర్వు, పది హెక్టారులకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్నవానికి 9 మీటర్లు, కట్టడములు లేక విడువవలెనని శాసించినది. చెరువులు, కుంటలు సమాజపు ఉమ్మడి సొత్తనియు, వానిని ఆక్రమణలనుండి విడిపింపవలెననియు సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారీ వ్యాజ్యమునను, 2011లో జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమునను తీర్పు చెప్పినది. చెరువుల రక్షణకై మహానగరాభివృద్ధి సంస్థ సంఘమొకటి 2010లోనే ఏర్పడినది. ఏమి ప్రయోజనము? 30 మీటర్లని వ్రాసిరి. ఎచ్చటనుండి 30 మీటర్లు? పూర్తి నీటిమట్టపు హద్దునుండి. ఆ హద్దు ఎచ్చట? ఇంకను నిర్ణయింపబడలేదు! 2024 నాటికిని పెక్కు చెరువులకు తుది ప్రకటన వెలువడనే లేదు. ఆరంభస్థానము లేని కొలతతో న్యాయము కొలుచుచున్నారు. ఈ జాప్యము అలసత్వమని కొందరందురు. ఒక్క రాయి పాతుటకు పదునాలుగేండ్లు పట్టినచో అది అలసత్వము కాదు. అది ఒక విధానమే. హద్దు తెలియని ప్రతి యేడును ఎవరికో ఆదాయము గల యేడు.

మమ్ము ఎదిరించువారి మాటలును విందము. "శిఖమున మాకు పట్టాలున్నవి, మా భూమిని మేము అమ్ముకొనరాదా?" అని కొందరు. పట్టా దున్నుకొనుటకు, పూడ్చుటకు కాదు. నీటి హక్కునకు లోబడి సంక్రమించిన భూమి, చేతులు మారినంతమాత్రమున ఆ హక్కును దులుపుకొనజాలదు. అయినను నష్టపోవు చిన్న రైతునకు ప్రత్యామ్నాయమో పరిహారమో ఇచ్చుట ధర్మమని మేమును అందుము. "బీదలు కట్టుకొన్న ఇండ్ల మాట ఏమి?" అని మరికొందరు. ఇది బరువైన ప్రశ్న. 2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తరువాత కూల్చు యంత్రముల చప్పుడు అందరును వినిరి. కూలిన గోడల మధ్య ఏడ్చిన తల్లులనుగూడ చూచితిమి. రుసుము గైకొని రిజిస్టరు చేసినది ప్రభుత్వమే, ఇంటిపన్ను వసూలు చేసినది ప్రభుత్వమే, కరెంటు మీటరు ఇచ్చినది ప్రభుత్వమే. అట్టిచో కొన్నవానిని మాత్రమే నేరస్థునిజేసి, అమ్మినవానిని, అనుమతించినవానిని విడుచుట ఏ ధర్మము? ఇల్లు కూల్చుటకు ముందు సంతకము చేసినవాని పేరు బయటపడవలెను.

"అభివృద్ధి ఆగిపోవును" అనువారు మూడవ జట్టు. వారిని 2020 అక్టోబరు వానలను జ్ఞప్తికి తెచ్చుకొనుమందుము. ఈ జిల్లాలోనే ఫాక్స్ సాగరు, అనగా జీడిమెట్ల చెరువు పొంగి, ఉమామహేశ్వర కాలనీ దినములతరబడి నీటిలో నానినది. మేడ్చల్ త్రోవ పొడవునను నేడు ఇండ్లు లేచుచున్నవి. చెరువు తన నేలను మరువదు, మనమే మరతుము. దానికి చోటీయనిచో అదియే వచ్చి తీసికొనును. 1908 సెప్టెంబరులో మూసీ చేసిన బీభత్సము పిమ్మట మన నగరమునకు బుద్ధి వచ్చి, 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు కట్టుకొన్నది. బుద్ధి వచ్చుటకు మరల అట్టి ప్రళయమే కావలెనా?

ఆ రెండు జలాశయముల చరిత్రయే మనకు గొప్ప పాఠము. వాని చుట్టు పది కిలోమీటర్ల మేర 84 గ్రామములలో కాలుష్యపు పరిశ్రమలును భారీ కట్టడములును వలదని 1996 మార్చి 8న 111వ ఉత్తర్వు వెలువడినది. ఆ రక్షణను సడలింపరాదని సుప్రీంకోర్టు 2000 డిసెంబరులో నిలిచి పలికినది. బయటివారు పడగొట్టలేని ఆ గోడను 2022 ఏప్రిలులో మన ప్రభుత్వమే, 69వ ఉత్తర్వుతో, తన చేతులతో సడలించినది. దాదాపు ఆ కాలముననే, 1997లో, న్యూయార్క్ నగరము వేరొక త్రోవ త్రొక్కెను. దానికి నీరిచ్చు క్యాట్‌స్కిల్ కొండలలోని పల్లెలతో ఒడంబడిక చేసికొని, అమ్మదలచినవారివద్ద నీటి ఒడ్డున నేల కొని, రైతులకు ధనమిచ్చి వాగులలోనికి పెంట పోకుండ చూచి, ఆ పల్లెల మురుగుదొడ్లను తన ఖర్చుతో బాగుచేయించెను. బ్రహ్మాండమైన వడపోత కర్మాగారము కట్టుటకంటె నేలను కాచుట చౌకయని ఆ వర్తకపు నగరము లెక్క వేసినది. ధర్మబుద్ధి లేకున్నను సరే, మనకు ఆ కోమటి లెక్కయైనను రాకపోవుట విచారము.

మేడ్చల్, షామీర్‌పేట చెరువులకైతే ఆ 111వ ఉత్తర్వు వంటి కవచముగూడ ఏనాడును లేదు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము మంచి చెరువునకు పన్నెండు అంగములు చెప్పి, చెరువునకు తగని దోషములు ఆరు లెక్కించినది. కట్టనుండి నీరు కారుట, చవుటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మొదలగునవి ఆ దోషములు. ఆ శాసనకర్త నేడు మన ప్రాంతమునకు వచ్చినచో ఏడవ దోషము చెక్కించును: మహానగరమునకు చేరువగా నుండుట. ఈ ఏడవ దోషము దైవికము కాదు, మానవకృతము. కావున మానవులే దీనిని మాన్పవచ్చును. పూడిన అంబరుపేట బతుకమ్మకుంటను త్రవ్వగా 2025లో అది మరల నీటిని చూచినది. నడినగరమున సాధ్యమైనది ఊరిచివర అసాధ్యమా?

కావున మా కోరికలు స్పష్టముగా చెప్పుచున్నాము. ఈ ప్రాంతమున ప్రతి చెరువునకు, ప్రతి కుంటకు, పూర్తి నీటిమట్టపు హద్దును ఊరివారి సమక్షమున కొలిచి, రాళ్లు పాతి, ఆ పటమును తెలుగులో వ్రాసి ఊరి కార్యాలయపు గోడపై వ్రేలాడదీయవలెను. హద్దులోని సర్వే నంబరులను రిజిస్ట్రేషను చట్టపు 22ఏ సెక్షను క్రింద నిషిద్ధ పట్టికలో చేర్చవలెను. చెరువును చెరువుతో కలుపు కాలువలను చెరువులతో సమానముగా రక్షింపవలెను. గొలుసులో ఒక కొక్కెము తెగినచో గొలుసే లేదు. శుద్ధి చేయని మురుగు ఒక్క బొట్టైనను చెరువున పడరాదు. జవహర్‌నగరు చుట్టునున్న బావుల నీటిని నెలనెల పరీక్షించి ఫలితములను బహిరంగముగా ప్రకటింపవలెను. నీరు చెడిన ఊళ్లకు మంచినీరు ఉచితముగా ఇయ్యవలెను. ఏ వాడ చెత్తను ఆ వాడయే తగ్గించుకొను ఏర్పాటు చేయవలెను. శిఖమున అనుమతులిచ్చిన అధికారులను విచారింపవలెను. మోసపోయిన బీదలకు నీడ చూపిన పిదపనే గోడలు కూల్చవలెను. వీనిలో ఒక్కటియు అసాధ్యము కాదు. వీనికగు ధనము గోదావరి గొట్టములకగు ధనములో లేశము.

ప్రజలకును ఒక మాట. నీళ్లు, నిధులు, నియామకాలు అని నినదించి రాష్ట్రము తెచ్చుకొన్న జనము మనము. అందు మొదటి మాట నీళ్లు. ఆ మాటను పాలకులకు జ్ఞప్తి చేయుట ఎన్నికల దినమున మాత్రమే కాదు. వచ్చే బతుకమ్మ పండుగనాడు ఆడుబిడ్డలు పూలు పట్టుకొని గట్టెక్కినప్పుడు, మగవారు వారి వెంట పోయి, ముదుసలి నీరటి యెవరైన మిగిలియున్నచో అతని చేయి పట్టుకొని, "తాతా, నిండు చెరువు నీరు ఎంతవరకు వచ్చెడిది?" అని అడుగుడు. అతడు చూపిన చోట ఒక రాయి నిలుపుడు. ఆ రాతికి ప్రభుత్వపు ముద్ర వేయించువరకు నిద్రింపకుడు. పూలను సాగనంపుటకు నీరు కావలెను. నీరు నిలుచుటకు నేల కావలెను. ఆ నేల నిలుచుటకు మనము నిలువవలెను.